ఒక ప్రతి ఉచితముగా పంపగలరు

పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా పాత తెలుగు మాస్టారిని చూసి వద్దామని వెళ్ళాను. ఆయన ఉద్యోగ విరమణ చేసి పదిహేనేళ్ళు దాటింది. ముందుగదిలో మంచం మీద కూర్చోబోతే కాలికేదో తగిలింది. వంగి చూస్తే గోధుమరంగు కాగితంలో చుట్టి పురికొసతో బిగించిన పుస్తకాల కట్టలు, మంచం కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"కూర్చో నాయనా, ఫరవాలేదు. అవి నాకంటే గట్టివి" అన్నారు.

అది ఆయన ముప్పయ్యేళ్ళ కష్టం. తెలుగు శాసనాల్లో కనబడే సేద్యపు మాటలకు, పన్నుల మాటలకు ఆయన కట్టిన కోశం. మర్తురు, ఖండుగ, అరి, పుల్లరి వంటి పదాలు ఏ శాసనంలో ఏ అర్థంలో వచ్చాయో, ఒకే మాట ఒక సీమలో కొలతగానూ మరో సీమలో పన్నుగానూ ఎలా మారిందో ఉదాహరణలతో చూపించారు. ఇది మొదటి సంపుటి మాత్రమే. 300 ప్రతులు సొంత డబ్బుతో అచ్చు వేయించారు. నాలుగేళ్ళలో కదిలినవి వంద లోపే, వాటిలో సగం చేతిమీదుగా ఇచ్చినవి.

మాటల మధ్య ఒక ఉత్తరం తీసి చూపించారు. పేరు చెప్పను గానీ ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి వచ్చినది. రెండే వాక్యాలు. తమ గ్రంథము పరిశోధకులకు మిక్కిలి ఉపయుక్తమని తెలిసినది, కావున ఒక ప్రతి ఉచితముగా పంపగలరు. మాస్టారు సంతోషించి తన ఖర్చులతోనే పంపారు. అందినట్టు కార్డు ముక్క కూడా రాలేదు. రెండేళ్ళ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ఫోను చేసి, మీ పుస్తకం ఎక్కడా దొరకడం లేదు, ఎక్కడ కొనుక్కోవాలి అని అడిగిందట. మీ గ్రంథాలయంలోనే ఉందమ్మా అన్నారీయన. లేదంది. ఆ అమ్మాయి పట్టుదల గలది కాబట్టి వారం రోజులు వెంటబడి వెతికించింది. దానంగా వచ్చిన పుస్తకాలన్నీ పోసిన ఒక గదిలో, తపాలా కవరు కూడా విప్పకుండా దొరికింది.

"డబ్బిచ్చి కొని ఉంటే రిజిస్టరులోకి ఎక్కించేవాళ్ళు. లెక్క చెప్పాలి గదా!" అన్నారు మాస్టారు, నవ్వుతూనే.

ఆ నవ్వు వెంటాడింది కాబట్టే ఈ నాలుగు మాటలు.

లెక్క చాలా చిన్నది, అందుకే కాబోలు ఎవరూ వెయ్యరు. ఒక పరిశోధన గ్రంథం 300 ప్రతులకు డీటీపీ, కాగితం, అచ్చు, బైండింగు అన్నీ కలిపి 75,000 రూపాయలైందనుకుందాం. అంటే ప్రతికి 250. వెల 400 పెట్టారనుకుందాం. విక్రేత నూటికి నలభై తీసుకుంటే ప్రచురణకర్త చేతికి వచ్చేది 240. ఆఖరి ప్రతి దాకా అమ్ముడుపోయినా ప్రతి పుస్తకం మీదా పది రూపాయలు నష్టమే. పోనీ వెల 600 చేద్దామంటే, ఎవరి కోసం రాశారో ఆ విద్యార్థి కొనలేడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత తెలుగు ప్రచురణకర్తను చూసే పుట్టి ఉండాలి.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక్క మార్పు చేయండి. అచ్చుకు వెళ్ళకముందే 60 గ్రంథాలయాలు, తలా ఒక ప్రతి, నేరుగా, పూర్తి వెలకు కొంటామని ఆర్డరు ఇచ్చాయనుకోండి. 24,000 రూపాయలు. మిగిలిన 51,000 రూపాయల ఖర్చును 240 ప్రతుల మీద పంచితే ప్రతికి 213 అవుతుంది. విక్రేత ద్వారా వచ్చేది 240. నష్టం కాస్తా లాభమైంది. గ్రంథాలయానికి పడిన భారం 400 రూపాయలు, తపాలా ఖర్చు. తెలుగుకు అరవై గ్రంథాలయాలున్నాయా అని అడుగుతారేమో. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, తెలుగులో ఎమ్మే ఉన్న కళాశాలలు, మద్రాసు, బెంగళూరు, కాశీ, ఢిల్లీల్లో తెలుగు బోధన సాగే విశ్వవిద్యాలయాలు, తాళపత్ర భాండాగారాలు, చరిత్ర పరిశోధన సంస్థలు, సముద్రం అవతల నాలుగైదు. కూడి చూడండి, అరవై పెద్ద సంఖ్య కాదు.

ముందే మాట ఇవ్వడమన్నది కొత్త ఊహ కూడా కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమాల పెట్టిన కాలం నుంచీ తెలుగులో శాస్త్ర, చరిత్ర గ్రంథాల ప్రచురణ ఎక్కువగా నిలబడింది రాజుల, జమీందార్ల విరాళాల మీద, లేకపోతే చందాదారుల మీద. చందాదారుడంటే ఎవరు? పుస్తకం చూడకుండానే కొంటానని మాట ఇచ్చిన మనిషి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని నిలబెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. ఊరూరా గ్రంథాలయం, దాని పక్కనే గ్రంథమాల, రెండూ ఒకదాన్నొకటి పోషించుకుంటూ పెరిగిన రోజులవి. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చారంటే, వెతకడానికి తాళపత్రాలు భద్రంగా దాచిన భాండాగారాలు ఉండబట్టి. ఆనాడు గ్రంథాలయం ముడిసరుకు ఇచ్చింది, సరుకు తయారయ్యాక కొనుక్కుంది కూడా. ఈనాడు మొదటిది అరకొరగా మిగిలింది, రెండవది తెగిపోయింది.

ఒక విచిత్రం చెప్పాలి. 1954లో రెండు దేశాల్లో రెండు చట్టాలు వచ్చాయి. రెండూ తెలుగు పుస్తకాల తలరాతను మార్చాయి, కానీ ఎదురెదురు దిశల్లో.

మొదటిది మనది. ఆ ఏడాది వచ్చిన గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం ప్రచురించిన ప్రతివాడూ ప్రచురణ తేదీ నుంచి ముప్పై రోజుల్లోగా, తన సొంత ఖర్చుతో, కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, మద్రాసు కన్నెమరా, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం వెల. నేనీ చట్టానికి వ్యతిరేకిని కాను. జాతి జ్ఞాపకం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి, అందుకు నాలుగు ప్రతులు ఎక్కువేమీ కాదు. కానీ ఈ నాలుగింటితో ఒక అలవాటు మొదలైంది. చట్టం అడిగినవి నాలుగైతే, చట్టం పేరు చెప్పకుండా అడిగేవారు నలభై మంది. తెలుగు రచయిత దగ్గర పుస్తకం అడిగి తీసుకోవడం అతన్ని గౌరవించడమేనన్న భావన మన సంస్థల్లో స్థిరపడిపోయింది.

రెండవది అమెరికా వారిది, పి.ఎల్. 480. మన వయసు వాళ్ళకు ఆ పేరు వింటే ఎర్ర గోధుమలు గుర్తొస్తాయి. మిగులు గోధుమలను అమెరికా మనకు రూపాయలకే అమ్మింది, ఆ రూపాయలు ఇక్కడే పోగుపడ్డాయి. వాటిలో కొంత వెచ్చించి ఇక్కడి పుస్తకాలు కొనే అధికారాన్ని 1958లో తమ కాంగ్రెస్ గ్రంథాలయానికి ఇచ్చారు. 1962లో ఢిల్లీలో ఆ గ్రంథాలయం కార్యాలయం తెరిచింది. తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటిలో వచ్చిన పుస్తకాలను ఎంపిక చేసి, ఒక్కొక్కటీ పలు ప్రతులు కొని, షికాగో, బర్క్‌లీ, మేడిసన్ వంటి చోట్ల ఉన్న పరిశోధన గ్రంథాలయాలకు పంపింది. కొన్న పుస్తకాల పట్టికలను అచ్చు వేసి అందరికీ పంచింది కూడా. ఎక్కడో తెనాలిలోనో రాజమండ్రిలోనో అచ్చయిన పుస్తకం ఫలానా ప్రచురణకర్త దగ్గర ఫలానా వెలకు దొరుకుతుందని ఆ పట్టికలు ప్రపంచానికి చెప్పాయి. తర్వాత రూపాయల నిధి అడుగంటింది. అయినా ఏర్పాటు ఆగలేదు. పాలుపంచుకునే గ్రంథాలయాలే తమ డబ్బుతో, ముందస్తు ఒప్పందం మీద కొనుక్కునే సహకార పద్ధతిగా మారింది.

ఫలితం మనకందరికీ తెలుసు. మన ఊళ్ళో చెదలు తిన్న పుస్తకం మేడిసన్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని మీద మనం కంటతడి పెట్టుకుంటాం, మన సంస్కృతిని పరాయివాళ్ళు దాచారని గర్వమో సిగ్గో తెలియని మాటలు మాట్లాడతాం. నాకు మాత్రం అక్కడ కనబడే సంగతి భద్రపరచడం కాదు, కొనడం. వాళ్ళు వెల ఇచ్చి కొన్నారు. ఇచ్చిన వెల అచ్చాఫీసు బాకీ తీర్చుకోవడానికి అక్కరకు వచ్చింది. వాళ్ళు ఏ ఉపకారబుద్ధితో కొన్నారు, ఏ రాజకీయంతో కొన్నారు అన్నది వేరే చర్చ. ఢిల్లీలో కూర్చున్న ఒక అమెరికన్ కార్యాలయానికి సాధ్యమైన పని హైదరాబాదుకో, విశాఖకో, తిరుపతికో ఎందుకు సాధ్యం కాదన్నదే నా ప్రశ్న.

డబ్బు లేదంటారు. డబ్బు సంగతే చూద్దాం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు సుమారు 6,000 కోట్ల రూపాయలు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, వాటిని చదివే అవకాశం 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థలకు. మంచిదే. చిన్న ఊరి కళాశాలలో రసాయనశాస్త్రం చదివే పిల్ల కూడా పెద్ద పత్రిక చదవగలిగితే ఎవరు కాదంటారు? అయితే ఏడాదికి 2,000 కోట్లు అనుకుంటే, అందులో వెయ్యో వంతు రెండు కోట్లు. భారతీయ భాషలన్నిటిలో కలిపి ఏటా వెయ్యి పరిశోధన గ్రంథాలు ఎంచి, ఒక్కొక్కటి 400 రూపాయల చొప్పున 50 ప్రతులు కొంటే అయ్యే ఖర్చు సరిగ్గా అంతే. రూపాయికి పది పైసలు కూడా అడగడం లేదు. వెయ్యి రూపాయల్లో ఒక్క రూపాయి. విదేశీ ప్రచురణకర్తకు ఏడాది చందా ముందుగా చెల్లించడం మన వ్యవస్థకు తెలుసు. తెలుగు ప్రచురణకర్త దగ్గరకు వచ్చేసరికి అదే వ్యవస్థ మూడు కొటేషన్లు, నూటికి ఇంత తగ్గింపు, టెండరు పొందిన విక్రేత ద్వారా మాత్రమే సరఫరా అంటుంది. డబ్బు మార్చి నెలాఖరులో వస్తుంది, లేదా ఆ పై మార్చిలో.

తపాలా కూడా కలిసి రావడం లేదు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరూ తలపట్టుకున్నారు. 2025 మే నెలలో జ్ఞాన్ పోస్టు వచ్చాక కొంత ఊరట. పుస్తకం వెలకూ పంపే ఖర్చుకూ పోటీ పడే పరిస్థితుల్లో ఉచితముగా పంపగలరు అన్న మాట ఎంత బరువో రాసేవారికి తెలియకపోవచ్చు.

కొనడం ఒక్కటే చాలదు, కొన్నది కనబడాలి. మన కేటలాగుల సంగతి ఎత్తితే ఏడుపే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పుస్తకం కోసం వెతికితే ఒకచోట ఇంటిపేరు కింద, ఒకచోట 'ప్రభాకర' కింద, మరోచోట 'శాస్త్రి' కింద. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించడం వల్ల ఒకే పేరుకు అరడజను వర్ణక్రమాలు. అమెరికా గ్రంథాలయాలు దీర్ఘాలకు గీతలు, మూర్ధన్యాలకు చుక్కలు పెట్టి ఒక కట్టుదిట్టమైన పద్ధతి పాటిస్తాయి కాబట్టి తెలుగు పుస్తకం ఉందో లేదో తెలుసుకోవడానికి మనం కూడా వాళ్ళ కేటలాగే వెతకాల్సి వస్తోంది. తెలుగు లిపిలోనే, ఇంటిపేరు ముందు పెట్టి, విషయసూచిక కూడా ఎక్కించి ఒక ఉమ్మడి కేటలాగు చేస్తే, అది ఏ గ్రాంటుకూ తీసిపోదు. వెతికితే దొరికే పుస్తకమే ఉదహరించబడుతుంది, ఉదహరించబడిన పుస్తకాన్నే మరో నలుగురు కొంటారు. మాస్టారికి ఫోను చేసిన అమ్మాయికి పుస్తకం పేరు తెలిసింది గ్రంథాలయం వల్ల కాదు, ఎవరి వ్యాసంలోనో అధోజ్ఞాపిక వల్ల.

ఇంకొక పని ఉంది, అది గ్రంథాలయాలు తప్ప ఎవరూ చేయలేరు. గత మూడు దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు ఎక్కువగా అను ఫాంట్లలో, పేజ్‌మేకరులో తయారయ్యాయి. అవి యూనికోడ్ కావు. ఫైలు తెరిస్తే తెలుగులా కనబడుతుంది, ఒక మాట వెతికితే దొరకదు. కాపీ చేసి మరోచోట పెడితే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. యూనికోడ్‌లో రాసే మనబోటి వాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు ఈ గోడకు తల కొట్టుకున్నవాళ్ళమే. మాస్టారి కోశం ఫైలు డీటీపీ చేసిన కుర్రవాడి దగ్గర ఉండేది. ఆ కుర్రవాడు దుకాణం ఎత్తేసి వేరే వ్యాపారం పెట్టుకున్నాడు. ఇప్పుడు మిగిలింది ఒక సీడీ. అది తెరుచుకుంటుందో లేదో దేవుడికే తెలియాలి. ఒక కోశం యూనికోడ్‌లో లేకపోవడమంటే సగం లేకపోవడమే. పరిశోధన గ్రంథాలయం ప్రచురణకర్త దగ్గర మూల ఫైలు తీసుకుని, యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, ఒక ప్రతి తన దగ్గర దాచుకుని, ఒకటి ప్రచురణకర్తకే తిరిగి ఇస్తే చాలు. రెండవ ముద్రణకు డీటీపీ ఖర్చు ఉండదు. కావలసినప్పుడు పాతిక ప్రతులు మాత్రమే అచ్చు వేసుకోవచ్చు. మంచం కింద కట్టలుండవు.

స్కానింగు మాటా చెప్పుకోవాలి. ఈ శతాబ్దం మొదట్లో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ సైటు ఇప్పుడు లేకపోయినా వాటిలో చాలా భాగం ఆర్కైవ్‌లో బతికి ఉంది, నా చదువులో పెద్ద భాగం దానికి రుణపడి ఉంది. అయినా ఒక మాట అనక తప్పదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. ఆ గడువు తీరని పుస్తకాలు కూడా, అడక్కుండానే, స్కానులోకి వెళ్ళిపోయాయి. పెద్ద ప్రచురణకర్తకు అది ఒక పుస్తకం. చిన్నవాడికి అదే మొత్తం ఆస్తి. అందరికీ ఉచితంగా చదవడానికి పెట్టండి, వద్దనను. కానీ ఉచితం పాఠకుడికి కావాలి గానీ ఆ ఖర్చు ప్రచురణకర్త ఒక్కడి నెత్తిన పడకూడదు. విదేశాల్లో కొన్ని గ్రంథాలయాలు దీనికొక దారి కనిపెట్టాయి. తలా కొంత వేసుకుని పుస్తకం స్థిరఖర్చు ముందే చెల్లిస్తాయి, ఆపైన అది ప్రపంచమంతటికీ ఉచితం. 2014లో నాలెడ్జ్ అన్‌లాచ్డ్ మొదటి ప్రయత్నంలో 297 గ్రంథాలయాలు కలిసి 28 పుస్తకాలను అలా విడుదల చేశాయి. (2021లో ఆ సంస్థను వైలీ కొనేసింది. చిన్నవాళ్ళ కోసం పెట్టిన పందిరి కింద అప్పుడు పెద్దమనిషి కుర్చీ వేసుకున్నాడన్న మాట. కాబట్టి మనం చేస్తే సంఘం గ్రంథాలయాల చేతిలోనే ఉండాలి.)

ఒక అభ్యంతరం న్యాయమైనది. ముందే కొంటామంటే చెత్త కూడా పరిశోధన పేరుతో వస్తుంది, పదోన్నతి కోసం అచ్చు వేసుకున్న థీసిసులన్నీ గ్రంథాలయాలకు అంటగడతారు అని. నిజమే, అలాంటివి నేనూ చూశాను. గ్రంథసూచి ఉండదు, పదసూచిక ఉండదు, ఒకరి పీఠికలోని పేరాలు మరొకరి అధ్యాయంలో తేలుతాయి. అందుకే ఎంపిక ఉండాలి. ఆ ఎంపిక విక్రేత చేతిలోనో గుమాస్తా చేతిలోనో కాక, విషయం తెలిసిన ముగ్గురు నలుగురి చేతిలో, వాళ్ళ పేర్లు అందరికీ తెలిసేలా ఉండాలి. ఎంపికకు ఒక్క షరతు పెట్టినా చాలు: పదసూచిక లేని పరిశోధన గ్రంథం కొనము. ఆ ఒక్క మాటతో తెలుగు ప్రచురణ ప్రమాణం ఐదేళ్ళలో మారుతుందని నా నమ్మకం. ఈ షరతు పెట్టే అధికారం కొనేవాడికే ఉంటుంది. ఉచితంగా పుచ్చుకునేవాడికి ఏ అధికారమూ ఉండదు.

సిబ్బంది లేరన్న మాట కూడా నిజమే. ఒక్క మనిషి మూడు విభాగాలు చూసుకుంటూ, ఎండాకాలంలో బీరువాల మధ్య చెమటలు కక్కుతూ, అడిగిన పత్రిక వెతికి తెచ్చి పెట్టిన గ్రంథపాలకులు నాకు తెలుసు. వాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. విప్పని కవరు తప్పు వాళ్ళది కాదు. కొనుగోలు నిబంధనలు రాసేవాళ్ళు పుస్తకాన్నీ, కుర్చీనీ, ఫినాయిలు సీసానీ ఒకే ఫారంలో ఇరికించారు, అదీ తప్పు.

తిరిగి వచ్చేముందు మాస్టారు లోపల్నుంచి బిస్కట్ల డబ్బాలు నాలుగు తెచ్చి ముందు పెట్టారు. వాటి నిండా కార్డులు. నీటిపారుదల మాటలు, చెరువులు, తూములు, కాలువలు, వాటి మీద హక్కులు. రెండో సంపుటి. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి కార్డు మూల మీదా శాసనం సంఖ్య. ఎప్పుడు అచ్చు వేయిస్తున్నారు మాస్టారూ అని అడిగాను. మంచం కిందకి చూపించారు.

ఇంటికి వచ్చాక, ఆయనకు చెప్పకుండా, పన్నెండు గ్రంథాలయాలకు ఉత్తరాలు రాశాను. రెండో సంపుటి వస్తే ఒక ప్రతి కొంటామని ముందుగా ఒక్క ముక్క రాసి ఇవ్వగలరా అని. ఇప్పటికి రెండు జవాబులు వచ్చాయి. ఒకరు వెల ఎంత ఉండవచ్చు, మొదటి సంపుటి కూడా దొరుకుతుందా అని అడిగారు. రెండవవారు ఒక ప్రతి ఉచితముగా పంపగలరు అన్నారు.